"ఒప్పేసుకుంటే మందలించి పంపేస్తారు" అంటున్నారు: జువెనైల్ బోర్డు ముందు మా మేనల్లుడికి ఉన్న హక్కులేమిటి?

ప్రశ్న అడిగినవారు: మేనత్త_84

అందరికీ నమస్కారం. మా అన్నయ్య కొడుకు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. వాడికి 16 ఏళ్లు నిండి నాలుగు నెలలయింది. మూడు వారాల క్రితం, వాడికి పరిచయమున్న 20 ఏళ్ల యువకుడు నడుపుతున్న మోటారు సైకిల్ వెనుక కూర్చుని వెళ్తుండగా పోలీసులు ఆపి, అది దొంగిలించిన బండి అని చెప్పి ఇద్దరినీ స్టేషనుకు తీసుకువెళ్లారు. బండి తన బాబాయిదని ఆ యువకుడు చెబితే నమ్మి ఎక్కానని, అంతకు మించి తనకేమీ తెలియదని మావాడు మొదటి నుంచీ చెబుతున్నాడు.

ఆ రాత్రి వాణ్ణి లాకప్పులో పెట్టలేదు కానీ స్టేషనులోనే బల్ల మీద కూర్చోబెట్టారు. అన్నయ్య వెళ్లేసరికి రాత్రి పది దాటింది. అప్పటికే ఒక కాగితం మీద వాడి చేత సంతకం చేయించారు. అందులో ఏమి రాసి ఉందని అడిగితే, "చదవనివ్వలేదు నాన్నా, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు" అన్నాడట. మరుసటి రోజు మధ్యాహ్నం జువెనైల్ బోర్డు ముందు హాజరుపరిచారు. బోర్డువారు అన్నయ్య పూచీ మీద వాణ్ణి ఇంటికి పంపించారు. మరో పది రోజుల్లో వాయిదా ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో పెద్ద చర్చ జరుగుతోంది. మా దగ్గరి బంధువు ఒకాయన, "పిల్లల కోర్టులో శిక్షలు ఉండవు, చేశానని ఒప్పేసుకుంటే మందలించి ఆ రోజే పంపేస్తారు, వకీలును పెడితే కేసు సాగుతుంది" అని గట్టిగా చెబుతున్నారు. అన్నయ్య కూడా అలసిపోయి అదే మంచిదనుకుంటున్నాడు. నాకు మాత్రం, చేయని పనిని చేశానని పిల్లవాడి చేత చెప్పించడం మనసుకు ఒప్పడం లేదు. అసలు ఈ బోర్డు ముందు వాడికి ఏయే హక్కులు ఉన్నాయి? న్యాయవాది అవసరమా? ఆ సంతకం వల్ల ముప్పు ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ప్రార్థిస్తున్నాను.

---

నిర్వాహకుడు

మేనత్త గారూ, మీ ప్రశ్నలో ఉన్న కళాశాల పేరును, స్టేషను పేరును, అబ్బాయిని పిలిచే పేరును తొలగించాను. విచారణలో ఉన్న బాలుడిని గుర్తుపట్టేందుకు వీలయ్యే పేరు, చిరునామా, బడి వంటి వివరాలను ఏ మాధ్యమంలోనూ వెల్లడించరాదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం (బాలల చట్టం) 74వ సెక్షన్ చెబుతోంది. కుటుంబ సభ్యులే రాసినా మేము వాటిని ఉంచలేము. సమాధానాలు రాసేవారు కూడా ఆ వివరాలు అడగవద్దని మనవి.

---

ప్యానెల్_న్యాయవాది

నేను ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉండి, కొన్నేళ్లుగా బాలల కేసులు చూస్తున్నాను. ముందుగా మీ అసలు ప్రశ్నకు జవాబు చెబుతాను: న్యాయవాది కాగితాలన్నీ చదివి, అబ్బాయితో ఏకాంతంగా మాట్లాడక ముందు ఏ విషయమూ ఒప్పుకోవద్దు. చేయని పనిని ఒప్పుకోవడమైతే ఏ దశలోనూ వద్దు. మీ మనసు చెప్పిందే సరైనది.

బోర్డు అడగవలసిన మొదటి ప్రశ్న నేరం జరిగిందా లేదా అన్నదే. నేరం చేసినట్లు తేలకపోతే బాలల చట్టం 17వ సెక్షన్ కింద ఆ మేరకు ఉత్తర్వు ఇవ్వాలి. తేలితే 18వ సెక్షన్ కింద మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, జరిమానా, మంచి నడవడిక షరతు మీద పర్యవేక్షణ, చివరికి గరిష్ఠంగా మూడేళ్ల వరకు పిల్లలను సంస్కరించే స్పెషల్ హోమ్‌లో ఉంచడం వంటి వాటిలో ఏదో ఒకటి ఎంచుకుంటుంది. మందలించి పంపడం కూడా "నేరం చేశాడు" అని తేల్చిన తరువాతే వస్తుంది. మీ బంధువు గారు శిక్ష గురించి మాత్రమే ఆలోచిస్తున్నారు. ఆ శిక్షకు ముందు ఒక నిర్ధారణ ఉంటుందని, మీవాడు ఒప్పుకుంటే ఆ నిర్ధారణ తన నోటితోనే వచ్చినట్లవుతుందని ఆయనకు నెమ్మదిగా చెప్పండి. ఇతరుల వస్తువును దురుద్దేశంతో తీసుకుంటేనే దొంగతనం అవుతుంది. బండి దొంగదని తెలియక వెనుక కూర్చున్నవాడికి ఆ ఉద్దేశం ఎక్కడిది? ఇది మీవాడికి ఉన్న అసలు వాదన. ఒప్పుకుంటే దాన్ని చేజేతులా వదులుకున్నట్లే.

సంతకం సంగతి చూద్దాం. బాలల చట్టం కింద 2016లో వచ్చిన కేంద్ర నమూనా నియమాల్లో 8వ నియమం ప్రకారం, బాలుడిని అదుపులోకి తీసుకున్న పోలీసు అధికారి అతని చేత ఏ వాంగ్మూలం మీదా సంతకం చేయించకూడదు, నేరం ఒప్పుకోమని బలవంతం చేయకూడదు, బేడీలు వేయకూడదు. మాట్లాడవలసి వస్తే ప్రత్యేక జువెనైల్ పోలీసు యూనిట్‌లో గానీ, స్టేషను అన్న భావన కలిగించని చోట గానీ మాట్లాడాలి. ఆ సమయంలో తల్లి గానీ తండ్రి గానీ పక్కన ఉండవచ్చు. ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయడం కూడా ఆ అధికారి బాధ్యతే. దీనికి తోడు, పోలీసు అధికారికి చెప్పిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా రుజువు చేయకూడదని 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ చెబుతోంది. అదుపులో ఉన్న వ్యక్తి ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు బయటపడితే ఆ మేరకు మాత్రమే మినహాయింపు ఉంది. కాబట్టి ఆ కాగితాన్ని చూసి బెదిరిపోవద్దు, అలాగని దాని గురించి మౌనంగానూ ఉండవద్దు. విచారణ మొదట్లోనే, పోలీసులు గానీ మరెవరైనా గానీ బాలుడిని ఇబ్బంది పెట్టలేదని బోర్డు స్వయంగా నిర్ధారించుకోవాలని బాలల చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. చదవనివ్వకుండా సంతకం చేయించారన్న మాట, రాత్రంతా స్టేషనులో కూర్చోబెట్టారన్న మాట ఆ రోజే చెప్పండి. వీలైతే అన్నయ్య గారి చేత రాయించి ఇవ్వండి. తన కొడుకును ఎన్ని గంటలకు చూశారో, అప్పుడు అక్కడ ఎవరున్నారో జ్ఞాపకం ఉన్నప్పుడే తేదీ వేసి రాసి పెట్టుకోమనండి.

దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం మొదటిసారి గరిష్ఠ శిక్ష మూడేళ్లు కనుక, బాలల చట్టం దృష్టిలో ఇది స్వల్ప నేరాల కోవలోకి వస్తుంది. మామూలుగా అయితే ఇటువంటి వాటిలో బాలుడి మీద ఎఫ్‌ఐఆర్ కూడా నమోదు చేయరు, స్టేషను డైరీలో రాసి, సామాజిక నేపథ్య నివేదికతో బోర్డుకు పంపుతారు. మీ కేసులో వయోజనుడు కూడా ఉన్నాడు కాబట్టి ఎఫ్‌ఐఆర్ వేసి ఉంటారు. దాని ప్రతిని అడిగి తీసుకోండి. అయితే బాలల చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ యువకుడితో కలిపి మీవాణ్ణి విచారించడానికి వీల్లేదు. అతని కేసు మామూలు కోర్టులో నడుస్తుంది, మీవాడిది బోర్డులోనే.

"వకీలును పెడితే కేసు సాగుతుంది" అన్న మాట గురించి కూడా చెప్పాలి. స్వల్ప నేరాల విచారణ మొదటిసారి హాజరుపరిచిన తేదీ నుంచి నాలుగు నెలల్లో పూర్తి కావాలి. బోర్డు కారణాలు రాసి మహా అయితే మరో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. అప్పటికీ తేలకపోతే కేసు దానంతటదే ముగిసిపోతుంది. ఈ గడువు మీవాడి వైపే ఉంది.

న్యాయవాదికి డబ్బు లేదని వెనకాడనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం బాలలందరూ, కుటుంబ ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సేవకు అర్హులు. న్యాయ సహాయం అందేలా చూడడం బోర్డు విధుల్లో ఒకటని బాలల చట్టం 8వ సెక్షన్‌లోనే రాసి ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో ఒక దరఖాస్తు ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపిస్తారు. ఈ పని వాయిదా రోజు వరకు ఆపకుండా ఈ వారంలోనే చేయండి. వాయిదా ఉదయం వరండాలో పది నిమిషాలు మాట్లాడి లోపలికి వెళ్లే న్యాయవాది, ఎంత సమర్థుడైనా, పిల్లవాడి మాట పూర్తిగా వినలేడు.

---

ఒక_తండ్రి

న్యాయవాది గారి మీద గౌరవంతోనే వేరొక అభిప్రాయం చెబుతున్నాను. మా పెద్దవాడు 15 ఏళ్ల వయసులో ఒక కొట్లాట కేసులో బోర్డు ముందుకు వెళ్లాడు. వాడు కొట్టిన మాట నిజమే కాబట్టి ఒప్పుకున్నాం. అక్కడివారు కసురుకోలేదు, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడారు, నాలుగు వారాలు కౌన్సెలింగుకు రమ్మన్నారు, అంతటితో అయిపోయింది. న్యాయవాదిని పెట్టలేదు, ఆ అవసరమూ కనిపించలేదు. బోర్డు ఉన్నది పిల్లల మేలు కోసమే కదా, వారిని శత్రువులుగా చూడడం ఎందుకు? పిల్లవాడు నెలల తరబడి ఆ వాయిదాల చుట్టూ తిరిగితే చదువు పాడవుతుంది, మనసు పాడవుతుంది. ఆ బాధ నేను కళ్లారా చూశాను.

---

న్యాయబోధిని

తండ్రి గారూ, మీ అనుభవాన్ని తక్కువ చేయడం లేదు. మీ అబ్బాయి నిజంగా చేసిన పనిని ఒప్పుకున్నాడు, మేనత్త గారి మేనల్లుడు చేయలేదని చెబుతున్నాడు. ఈ తేడా ఒక్కటే చాలా పెద్దది. అయితే "బోర్డు పిల్లల మేలు కోసమే ఉంది కనుక న్యాయవాది అక్కరలేదు" అన్న మాట గురించి, న్యాయశాస్త్రం బోధించే వ్యక్తిగా, నేను కొంచెం విస్తరించి చెప్పాలి. ఎందుకంటే సరిగ్గా ఈ మాట మీదే బాలల న్యాయం ఒకసారి పెద్ద తప్పటడుగు వేసింది.

ప్రపంచంలో మొదటి బాలల కోర్టుగా పేరు పొందినది 1899లో అమెరికాలోని షికాగోలో ఏర్పడింది. న్యాయమూర్తి తండ్రి వంటివాడు, పిల్లవాడిని శిక్షించడానికి కాక దారిలో పెట్టడానికి కూర్చుంటాడు, కాబట్టి నేర విచారణలో ఉండే రక్షణలు ఇక్కడ అనవసరం అని అప్పుడు నమ్మారు. ఉద్దేశం మంచిదే. కానీ 1964 జూన్‌లో అరిజోనా రాష్ట్రంలో జెరాల్డ్ గాల్ట్ అనే 15 ఏళ్ల బాలుడిని, పొరుగింటి మహిళకు ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడాడన్న ఆరోపణ మీద పట్టుకెళ్లారు. తల్లిదండ్రులు పనికి వెళ్లి ఉన్నారు, వారికి చీటీ అయినా వదలలేదు. ఆరోపణ ఏమిటో రాసి ఇవ్వలేదు. న్యాయవాది లేడు. ఫిర్యాదు చేసిన మహిళ విచారణకు రానే లేదు. అక్కడ ఎవరేమన్నారో నమోదు చేయనూ లేదు. చివరికి 21 ఏళ్లు వచ్చే వరకు, అంటే దాదాపు ఆరేళ్లు, సంస్కరణ పాఠశాలలో ఉంచాలని తీర్పు వచ్చింది. అదే పని పెద్దవాడు చేసి ఉంటే 5 నుంచి 50 డాలర్ల జరిమానా, లేదా రెండు నెలలకు మించని జైలు మాత్రమే పడేది. అప్పీలు చేసుకునే వీలు కూడా అక్కడి చట్టంలో లేదు.

ఆ కేసులో 1967 మే 15న అమెరికా సుప్రీంకోర్టు, పిల్లలకు కూడా ఆరోపణను ముందుగా రాతపూర్వకంగా తెలుసుకునే హక్కు, న్యాయవాదిని పొందే హక్కు, తనకు వ్యతిరేకంగా తాను మాట్లాడకుండా ఉండే హక్కు, సాక్షిని ఎదురుగా ప్రశ్నించే హక్కు ఉన్నాయని తేల్చింది. ఇవే 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 40వ అధికరణంలోనూ కనిపిస్తాయి. భారతదేశం 1992 డిసెంబర్ 11న ఆ ఒడంబడికలో చేరింది. మన 2015 చట్టంలోని 3వ సెక్షన్ మొదటి సూత్రమే, 18 ఏళ్లు నిండని బాలుడికి దురుద్దేశం గానీ నేర ఉద్దేశం గానీ లేదని భావించాలి అని. బోర్డు మీద అపనమ్మకంతో ఈ హక్కులను పెట్టలేదు. దయగల మనిషి కూడా ఒక వైపు మాత్రమే వింటే పొరబడతాడు కనుక పెట్టారు.

---

పూర్వ_సభ్యురాలు

నేను ఒకప్పుడు జువెనైల్ బోర్డులో సామాజిక కార్యకర్త హోదాలో సభ్యురాలిగా పనిచేశాను. బోర్డులో ఒక మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వారిలో కనీసం ఒకరు స్త్రీ అయి ఉండాలి. ఎత్తైన వేదిక గానీ, బోను గానీ ఉండకూడదని నియమం. పిల్లవాడు మాకు ఎదురుగా, మా ఎత్తులోనే కూర్చుంటాడు. తండ్రి గారు చెప్పిన మర్యాద నిజమే, అలాగే ఉండాలి కూడా.

కానీ ఆ బల్లకు ఇవతల కూర్చుని నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక అబ్బాయి లోపలికి వచ్చి కూర్చోగానే, మేము ఏమీ అడగక ముందే, "తప్పయిపోయింది, ఇంకెప్పుడూ చేయనండి" అన్నాడు. ఏమి తప్పు చేశావు అని అడిగాను. తల వంచుకుని చొక్కా అంచును వేలికి చుట్టుకుంటూ ఉండిపోయాడు. మళ్లీ అడిగితే తండ్రి వైపు చూశాడు. ఏ వస్తువు పోయిందో, ఎక్కడ పోయిందో వాడికి తెలియదు. ఇంటి దగ్గర పెద్దలు నేర్పిన ఒక్క వాక్యం మాత్రం కంఠతా వచ్చు. ఆ రోజు ఆ ఒప్పుకోలును మేము లెక్కలోకి తీసుకోలేదు, న్యాయవాదిని నియమించి వాయిదా వేశాము. అయితే రోజుకు ఇరవై కేసులు ఉన్నప్పుడు, వాక్యం తడుముకోకుండా చెప్పగలిగిన పిల్లవాడి విషయంలో ఆ రెండో ప్రశ్న అడగకుండానే దాటిపోయిన రోజులు మాకు లేవని నేను ప్రమాణం చేయలేను. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అందుకని మేనత్త గారికి నా విన్నపం: వాడికి ఏ వాక్యమూ నేర్పకండి. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పవచ్చని, తెలియకపోతే తెలియదని చెప్పవచ్చని, న్యాయవాదిని అడిగి చెబుతానని కూడా అనవచ్చని మాత్రం చెప్పండి. తన మాట చెప్పుకునే అవకాశం, విచారణలో పాల్గొనే అవకాశం ప్రతి బాలుడికీ ఇచ్చి తీరాలని చట్టం చెబుతోంది. వాడు మాట్లాడేటప్పుడు పెద్దలెవరూ మధ్యలో అందుకోకూడదు. తండ్రి ఉండడం వాడికి ధైర్యం కోసం, వాడి బదులు జవాబులు చెప్పడం కోసం కాదు.

ఇంకొకటి. ప్రొబేషన్ అధికారి మీ ఇంటికి వచ్చి ఉంటారు లేదా త్వరలో వస్తారు. రెండు వారాల్లో సామాజిక నివేదిక ఇవ్వాలని ఆయనకు గడువు ఉంటుంది కనుక, ఇప్పటికే ఆలస్యమైతే మీరే వెళ్లి కలవండి. ఇంట్లో పరిస్థితి, చదువు, స్నేహాలు, అలవాట్లు అన్నీ అందులో రాస్తారు. బోర్డు ఏ ఉత్తర్వు ఇవ్వాలో ఆలోచించేటప్పుడు మేము చాలా శ్రద్ధగా చదివే కాగితం అదే. కళాశాల హాజరు, మార్కుల జాబితా, వాడి చదువు ఎవరు చూసుకుంటున్నారన్న వివరం సిద్ధంగా పెట్టుకోండి. గొప్పలు చెప్పనక్కరలేదు, ఇబ్బందులు దాచనక్కరలేదు. ఆ 20 ఏళ్ల యువకుడితో స్నేహం ఎలా మొదలైందో, ఇప్పుడు ఉందో లేదో తప్పక అడుగుతారు. నిజం చెప్పండి.

---

మేనత్త_84

ఇంత ఓపికగా రాసిన అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి ఇవన్నీ అన్నయ్యకూ వదినకూ చదివి వినిపించాను. పూర్వ సభ్యురాలు గారు రాసిన ఆ అబ్బాయి సంగతి దగ్గర వదిన ఏడ్చేసింది. అన్నయ్య ఇవాళ ఉదయమే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి దరఖాస్తు ఇచ్చి వచ్చాడు.

మరో మూడు సందేహాలు ఉన్నాయి. 16 నిండాయి కాబట్టి పెద్దల కోర్టుకు పంపిస్తారని స్టేషనులో ఒకరు అన్నారట, అది నిజమా? వాడి వయసు విషయంలో ఆధార్ కార్డులో ఒక సంవత్సరం ఎక్కువ పడింది, ఇబ్బంది అవుతుందా? వాడు పోలీసు ఉద్యోగానికి వెళ్లాలని చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నాడు, ఈ కేసు దానికి అడ్డు వస్తుందా?

---

ప్యానెల్_న్యాయవాది

మొదటి భయం పూర్తిగా వదిలేయండి. 16 నుంచి 18 ఏళ్ల మధ్య వయసు బాలుడిని పెద్దవాడిలా విచారించాలా అన్న ప్రశ్న, చట్టం "హేయమైన నేరం" అని పిలిచే వాటిలో మాత్రమే వస్తుంది. అంటే కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న నేరాలు. గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా, కనీస శిక్ష ఏడేళ్లని చెప్పకపోతే అది ఆ కోవలోకి రాదని సుప్రీంకోర్టు 2020లో శిల్పా మిట్టల్ కేసులో స్పష్టం చేసింది. దొంగతనం దాని దరిదాపుల్లో లేదు. నిజంగా హేయమైన నేరం ఆరోపించిన కేసుల్లో కూడా బోర్డు నేరుగా పెద్దల కోర్టుకు పంపడానికి వీల్లేదు. బాలుడి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తిని, ఘటన జరిగిన పరిస్థితులను 15వ సెక్షన్ కింద ముందుగా అంచనా వేయాలి. ఆ అంచనా మీద అప్పీలు ఉంది. అంతా అయి చివరికి శిక్ష పడినా, బాలుడికి మరణ శిక్ష గానీ, విడుదలకు వీలులేని యావజ్జీవం గానీ విధించకూడదు.

వయసు సంగతి. 94వ సెక్షన్ ప్రకారం బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్ మొదట చూస్తారు. అవి లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ ఆ వరుసలో లేదు. పదో తరగతి సర్టిఫికెట్ అసలు ప్రతిని, జిరాక్సును తీసుకువెళ్లండి. లెక్కలోకి వచ్చేది ఘటన జరిగిన నాటి వయసే కనుక, విచారణ మధ్యలో 18 నిండినా వాడు ఈ చట్టం దృష్టిలో బాలుడే. మైనరునన్న వాదనను ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, తుది తీర్పు తరువాత కూడా లేవనెత్తవచ్చు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు, మరణ శిక్ష పడి 28 ఏళ్లకు పైగా జైలులో ఉన్న ఒక వ్యక్తి, ఘటన నాటికి కేవలం 12 ఏళ్ల 6 నెలల బాలుడని బడి రికార్డు ఆధారంగా గుర్తించి విడుదల చేయించింది. ఒక రిజిస్టరులోని ఒక వరుసను సకాలంలో ఎవరూ తెరిచి చూడకపోవడం వల్ల ఆ మనిషి యౌవనమంతా జైలు గోడల మధ్య గడిచిపోయింది. మీరు ఆ సర్టిఫికెట్‌ను మొదటి వాయిదాలోనే దాఖలు చేయించండి.

ఉద్యోగం విషయంలో 24వ సెక్షన్ మీకు అండగా ఉంది. బోర్డు ముందు నేరం తేలినా సరే, దాని వల్ల ఏ అనర్హతా కలగకూడదని, అప్పీలు గడువు ముగిశాక ఆ రికార్డును నాశనం చేయాలని అందులో ఉంది. ముగిసిన కేసుల వివరాలను నడవడిక ధ్రువపత్రం కోసం పోలీసులు వెల్లడించకూడదని 74వ సెక్షన్ చెబుతోంది. 2019లో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో ఎంపికైన ఒక అభ్యర్థి విషయంలో సుప్రీంకోర్టు, మైనరుగా ఉన్నప్పటి కేసును చూపి ఉద్యోగం నిరాకరించడం తగదని తేల్చింది. అయినా దరఖాస్తులో అడిగిన ప్రశ్నకు ఏమి రాయాలన్నది అప్పటి న్యాయవాదిని అడిగే రాయించండి. కొన్ని శాఖలు అడగకూడనివి కూడా అడుగుతాయి, తొందరపడి తప్పు జవాబు రాస్తే అదే వేరే చిక్కు అవుతుంది.

బోర్డు ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లో చిల్డ్రన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. ఉత్తర్వు ప్రతిని ఆ రోజే అడగండి.

---

మేనత్త_84

వాయిదా నిన్న జరిగింది. ఇక్కడ అందరూ అంత శ్రద్ధగా రాశారు కనుక చెప్పడం నా ధర్మం.

న్యాయ సేవాధికార సంస్థ నియమించిన న్యాయవాది గారు రెండు రోజుల ముందే వాణ్ణి కూర్చోబెట్టి గంటకు పైగా మాట్లాడారు. మమ్మల్ని గది బయట ఉండమన్నారు. అన్నయ్యకు అది మొదట నచ్చలేదు కానీ, బయటికి వచ్చాక వాడి ముఖం చూసి ఇంకేమీ అనలేదు.

బోర్డులో మేజిస్ట్రేట్ గారు సంతకం ఉన్న ఆ కాగితాన్ని వాడి ముందు పెట్టి, చదవమని ఇచ్చారు. వాడు మొదటి నుంచి చివరి వరకు చదివాడు. ఇది నువ్వు చెప్పిందేనా అని అడిగితే, "కాదండి, ఇందులో ఉన్న ఊరికి నేను ఎప్పుడూ వెళ్లలేదు" అన్నాడు. గొంతు వణికింది కానీ ఆగలేదు. పక్కన కూర్చున్న సభ్యురాలు ఆ మాటను రాసుకున్నారు. ఆ రాత్రి స్టేషనులో ఏమి జరిగిందో రాతపూర్వకంగా ఇవ్వమని అన్నయ్యను అడిగారు. అతను ముందే రాసి తెచ్చిన రెండు పేజీలు అందించాడు. పదో తరగతి సర్టిఫికెట్ తీసుకుని వయసు నమోదు చేశారు. ఒప్పుకుంటావా అన్న ప్రశ్నకు మా న్యాయవాది గారు, ఆరోపణను కాదంటున్నామని, బండి యజమానిని ప్రశ్నించాలనుకుంటున్నామని చెప్పారు.

తరువాతి వాయిదా వచ్చే నెల రెండో వారంలో ఉంది. ఆ రోజు వాడికి యూనిట్ పరీక్ష ఉందని చెబితే, హాజరు నుంచి మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టమన్నారు. న్యాయవాది గారు ఇవాళ అది పెడుతున్నారు.